వీడియోలో అరిగిపోయిన మెట్లు

"నేను చేసింది చాలా చిన్న పని అత్తా. ఒకే ఒక్క వాక్యం రాశా. అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసుగా."

"తెలుసులే అల్లుడూ," అంది టీకొట్టు అత్త, పొయ్యి మీద గిన్నెలోంచి తలెత్తకుండా. "నీకు చేతకానిది అదొక్కటే."

పొద్దుటినుంచీ వాన వదలడం లేదు. టీకొట్టు రేకు అంచునుంచి నీళ్ళు దారాల్లా కారుతున్నాయి. కరెంటు పోయి చాలాసేపైంది. కొట్టుని ఆనుకునే ఒక భవనం, దాని మెట్లు. ఆ మెట్ల మీదనుంచి ఇద్దరు కూలీలు సామాను దించుతున్నారు. ముందు కుర్చీలు, తర్వాత బరువు చూసే మిషను, ఆ తర్వాత మడతపెట్టిన పచ్చ తెర. మూడో అంతస్తులో ఉన్న ఆడవాళ్ళ క్లినిక్ ఇవాళ్టితో మూతపడుతోంది. కింద రెండంతస్తులూ ఎప్పటినుంచో ఖాళీ.

ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒక డాక్టరమ్మ, ఒక కంప్యూటరమ్మ, స్టార్టప్ అని మొదలుపెట్టిన క్లినిక్ అది. రొమ్ములో గడ్డలు, నెలసరి తేడాలు, ఇంట్లో చెప్పుకోలేని నొప్పులు, వీటికోసం. వచ్చినామెని పేరు అడగరు, ఊరు అడగరు, మొగుడెవరని అడగరు. చేతిలో ఒక నంబరు బిళ్ళ పెడతారు, ఆ నంబరుతోనే పిలుస్తారు. ఆ క్లినిక్‌కి ఫోన్లలో పేరు తెచ్చే పని, అత్త అల్లుడూ అని పిలిచే ఈ లక్షల బావది. ఏది చెప్పినా లక్షల్లో చెబుతాడు కాబట్టి ఆయనకా పేరు. ఇంక పైకి రావద్దని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి ఆయన ఆఫీసు ఈ టీకొట్టు బల్లే. ఇక్కడ సిగ్నల్ బావుంటుందని ఆయనంటాడు.

ఆ బల్ల మీదే మందుల షాపాయన, లిఫ్టు చెడిపోయాక పని లేకుండా పోయిన లిఫ్టు తాత కూర్చుని ఉన్నారు. బేరాలు లేని రోజు, వాన రోజు, కోతలు వినడానికి ఇంతకన్నా మంచి రోజు ఉండదు.

అంతలో డాక్టరమ్మ తనే కిందికి దిగొచ్చింది. చేతులకి అట్టపెట్టెల దుమ్ము. లక్షల బావ లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"ఇవాళ కూడా రాలేదా అత్తా? నీలం రెయిన్‌కోటు ఆమె?"

"లేదమ్మా. నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూనే ఉన్నా."

"వస్తే పైకి పంపండి. చీకటి పడేదాకా ఉంటా. ఆమె గడ్డకి సూది పరీక్ష చేయాలి, మొదటిసారి చూసినప్పుడే రమ్మని చెప్పా. నాకు అనుమానంగా ఉంది. మనం ఆగినా ఆ జబ్బు ఆగదు." ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "పేరు అడగకపోవడం మా గొప్ప అనుకున్నా. ఇప్పుడు ఎక్కడని వెతకను?"

ఆమె మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది. లక్షల బావ కూర్చున్నాడు.

"చూశావా, నన్ను అడగడానికి మొహమాటం," అన్నాడు. "ఆ నీలం కోటు మనిషిని లోకమంతా వెతికేలా చేసింది ఎవరు? నేను."

అప్పుడే గొడుగు ముడుస్తూ లక్షల బావ భార్య వచ్చింది. సన్నటి మనిషి, మాట తక్కువ. కుడిచేతిలో ఫోను ఛార్జరు.

"తెమ్మన్నారుగా, తెచ్చా."

"తేవడం బాగానే ఉంది, కరెంటే లేదు. ఫోను చచ్చిపోయింది. సరేలే, కూర్చో."

"నాకు పనుందండీ."

"ఈ వానలో ఏం పని? పెళ్ళైన ఇన్నాళ్ళకి కూడా మీ ఆయన ఏం చేస్తాడో నీకు తెలీదు. ఇవాళ విను. అత్తా, మా ఆవిడకో టీ."

ఆమె బల్ల చివర కూర్చుంది, మెట్ల వైపు మొహం పెట్టి.

"మొదట్నుంచీ చెబుతా. ఈ డాక్టరమ్మా కంప్యూటరమ్మా నా దగ్గరికి వచ్చి, అయ్యా, మా క్లినిక్ ఒకటుందని ఆడవాళ్ళకి తెలియాలి, ఫోన్లో వెతికితే మేం కనపడాలి, భయపడకుండా రావాలి, మీరే దిక్కు అన్నారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఏడవకండమ్మా, నేను వేలు పెడితే కొండ కదులుతుంది అన్నా. కూర్చున్నా, పేజీ తెరిచా. కానీ ఇది పరుపులు అమ్మినంత తేలిక కాదు తాతా. పరుపుల కంపెనీకి చేసిన రోజుల్లో, పరుపు మీద పడుకున్న పిల్లకి దుప్పటి సరిగ్గా లేకపోయినా ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసే ఆ పేజీల యంత్రం నోరు మెదపలేదు. ఇక్కడ 'రొమ్ములో గడ్డ ఉంటే చూపించుకోండి' అని పెట్టానో లేదో, బూతు అని తీసి పారేసింది. నెలసరి అంటే తీసేసింది. గర్భసంచి అంటే తీసేసింది. ఇంక నాకు మిగిలింది 'నమస్కారం' ఒక్కటే."

"అది మాత్రం నిజం," అన్నాడు మందుల షాపాయన. "డాక్టరమ్మ కూడా చెప్పింది."

"నేను చెప్పేదాంట్లో నిజం కానిదేముంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ యంత్రంతోనే మాట్లాడా. ఏమే యంత్రమా, నిన్ను తయారుచేసినవాణ్ణి కన్నదెవరు, వాడు పాలు తాగింది ఎక్కడ, నీ తీగల్లోనా, అని అడిగా. గతుక్కుమంది. పూటంతా జవాబు లేదు. తర్వాత తెర మీద చిన్నక్షరాల్లో 'క్షమించన్నా' అని వచ్చింది. అంతటితో ఊరుకుందా, ఏడ్చింది. తెరంతా తడి. నా తువ్వాలుతో నేనే తుడిచా."

"అక్కడ రేకు కారుతుంది అల్లుడూ. ఎన్నిసార్లు చెప్పినా ఆ చోటే కూర్చుంటావు."

"కారనీ అత్తా. కారేవి కారుతుంటాయి, ఏడ్చేవి ఏడుస్తుంటాయి. అప్పుడు రాశా ఆ ఒక్క వాక్యం. 'రండి, పేరు అడగం.'"

"అది వాళ్ళ తలుపు మీద ముందునుంచీ ఉన్నదే కదోయ్," అన్నాడు లిఫ్టు తాత.

"తలుపు మీద ఉంటే ఎవడు చూశాడు తాతా? తలుపు మూడో అంతస్తులో, నీ లిఫ్టు మూలన. నేను దాన్ని ఫోన్లోకి ఎక్కించా. ఎక్కించి ఇలా టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, జేబులో ఫోను కాలింది. నాది ఒక్కటే అనుకున్నా. కాదు, వీధిలో అందరివీ. లక్ష మంది ఒకేసారి చూస్తే కాలదా మరి? ఆ వారమంతా ఈ చుట్టుపక్కల ఎవరూ పొయ్యి వెలిగించలేదు, ఫోను మీద గిన్నె పెడితే పాలు పొంగాయి."

"నా పాలు నేనే కాచుకున్నా," అంది అత్త. "గ్యాసు మీద."

"నీది పాత ఫోను అత్తా, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఏమే, అటు మెట్లకేసి చూస్తావేంటి? కథ ఇక్కడుంటే! ఆ చెయ్యేంటి అలా ఒంటికి ఆనించుకున్నావ్, చలేస్తోందా? టీ తాగు. ఆ, ఎక్కడున్నాం? టవరు. అదుగో, ఆ చివర సిగ్నల్ టవరు, కాస్త ఇటు ఒరిగినట్టు లేదూ? ముందు నిటారుగా ఉండేది. నా వాక్యం వెళ్తుంటే వంగి చదివింది. చదివాక మళ్ళీ నిలబడలేకపోయింది. దాని తాడే నీ లిఫ్టుకి తగిలి..."

"లిఫ్టు తాడు తుప్పు పట్టి తెగిందోయ్. నేను చెబుతూనే ఉన్నా, ఎవరూ వినలేదు."

"తుప్పు ఎందుకు పట్టింది తాతా? అది ఆలోచించు."

తాత నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కూలీలు ఈసారి పొడుగాటి అద్దం దించారు. అందులో వీధి, వాన, బల్ల మీది మనుషులు ఒక్క క్షణం కనపడి పక్కకి పోయారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లక్ష కోటి అయింది. సముద్రం మధ్యలో ఒక ఓడ ఆగిపోయింది. ఏమిట్రా అంటే, నడిపేవాడు ఫోను చూస్తున్నాడు, చుక్కాని వదిలేశాడు. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి, ఇటు సైనికుడు తుపాకీ గురిపెట్టి, అరే ఉండరా, మా అక్క పంపించింది, చదివి కాలుస్తా అన్నాడట. అటువాడు, మాకూ వచ్చిందిరా, సరే చదువుకుందాం అన్నాడట. మధ్యాహ్నందాకా యుద్ధం లేదు. ఫోన్ల కంపెనీ యజమాని, అంత పెద్ద మనిషి, నాకు తనంతట తానే ఫోను చేశాడు. అన్నా, ఒక్క అరగంట మీ వాక్యం తీసేయండి, తీగలన్నీ దాంతోనే నిండిపోయాయి, నేను మా ఆవిడకి కూర ఏం వండాలో చెప్పాలి, లైను దొరకడం లేదు అన్నాడు."

"తీసేశావా?" అన్నాడు తాత.

"ఆడవాళ్ళ ఆరోగ్యం ముందు నీ కూరెంత అన్నా. ఫోను పెట్టేశా."

మందుల షాపాయన నవ్వి గ్లాసు కింద పెట్టాడు. "అంతా బావుంది బావా. సైనికులు చూశారు, ఓడలవాళ్ళు చూశారు. మరి ఈ మెట్లు ఎక్కినవాళ్ళేరీ? నా షాపు ఎదురుగానే ఉందిగా, ఒక్క మందుల చీటీ రాలేదు నాకు."

లక్షల బావ ఒక్క క్షణం ఆగాడు. ఇలాంటి ప్రశ్నకి ఆగడం ఆయనకి అలవాటు లేదు. రేకు మీద వాన మాత్రం ఆగలేదు.

"వచ్చింది," అన్నాడు. "ఒక్కతి వచ్చింది. అసలు కథ అదే, మీరు తిన్నగా చెప్పనిస్తేగా. మొదటిసారి వచ్చినప్పుడు నేను చూడలేదు, బయట పనిమీద ఉన్నా. డాక్టరమ్మ పరీక్ష చేసి, మళ్ళీ రావాలమ్మా అని చెప్పి పంపిందట. ఇలాంటివాళ్ళు ఎవరూ మళ్ళీ రారు. ఈమె వచ్చింది! రెండోసారి వచ్చిందంటే ఏమిటది? నమ్మకం. నమ్మకాన్ని ఫోటో తీసినవాడు లోకంలో ఎవడైనా ఉన్నాడా? నేనున్నా. ఇలాగే వాన. రెండో అంతస్తు దాటాక మలుపు దగ్గర నేను మెట్టు మీద కూర్చుని ఫోను సర్దుకుంటున్నా. కింద్నుంచి అడుగుల చప్పుడు. చూద్దును కదా, నీలం రెయిన్‌కోటు, టోపీ కళ్ళదాకా లాక్కుని, నోటికి గుడ్డ కట్టుకుని, రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది. గబుక్కున ఫోను ఎత్తా."

"డాక్టరమ్మ వద్దందిగా?" అంది అత్త.

"ఎవరి ముఖమూ తీయొద్దంది. నేను తీశానా? ఫోను చూడగానే ఆమె గిరుక్కున తిరిగి కిందికి పరుగు. నాకు పడింది వీపే. వీపుకి పేరుంటుందా, చెప్పు. ఆమెకి మర్యాద, నాకు వీడియో. నన్ను చూసి పారిపోయిందనుకోకు, నా కెమెరా అంత గొప్పది, ఎవరికైనా దడ పుడుతుంది."

"తర్వాత మళ్ళీ రాలేదు," అంది అత్త, ఎవరితోనూ కాకుండా.

"వస్తుంది. తొందరేముంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాల ఒక వాయిద్యం పెట్టి, 'ఆమె ఎవరు?' అని రాసి వదిలా. ముందు నేను చెప్పిన కోటి ఒక లెక్కా! ఆ కోటిమందిలో ఒక్కొక్కడూ కోటిసార్లు చూశాడు. ఎంత చూశారంటే, నా మీద ఒట్టు, వీడియోలో మెట్లు అరిగిపోయాయి. మొదట్లో ఒక్కో మెట్టూ విడిగా కనపడేది, ఇప్పుడు నున్నగా జారుడుబల్లలా ఉంటుంది. ఆమె పరిగెత్తడం మానేసి జారుతోంది."

తాత పొలమారి దగ్గాడు. మందుల షాపాయన తాత వీపు తట్టాడు.

"నవ్వండి. ఆ కోటు నీలం అన్నానా? అన్ని కళ్ళు పడితే ఏ రంగు నిలుస్తుంది? వారానికి లేతబడింది, రెండో వారానికి బూడిద రంగు, ఇప్పుడు చూస్తే తెల్లగా, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంది. ఎండలో పెట్టకుండా, నీళ్ళలో పెట్టకుండా, వట్టి చూపులకే వెలిసిపోయింది. రంగుల కంపెనీవాళ్ళు వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు, మా పరువు తీయకండి అని."

భార్య టీ గ్లాసు ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

"ఇంక ఆమె ఎవరన్నదాని మీద గొడవ. సినిమావాళ్ళు మా హీరోయిన్ అన్నారు. ఒక రాణి నేనే అని చాటింపు వేయించింది. ఇంకో దేశం రాణి, నీకంత అందంగా పరిగెత్తడం ఎక్కడ వచ్చు, అది నేను అంది. వాళ్ళ రెండు దేశాలకీ ఇప్పుడు రాకపోకలు లేవు. ఒకడు మాత్రం కింద రాశాడు, బాతు పరిగెత్తినట్టు పరిగెత్తింది అని. నవ్వలేక చచ్చా. నేను కూడా దాని కింద ఒక నవ్వు బొమ్మ పెట్టా."

మందుల షాపాయన చప్పున గ్లాసు ఎత్తాడు. అందులో టీ లేదు.

"పాపం, ఆ పిల్ల చూస్తే?" అంది అత్త.

"చూస్తే గర్వపడుతుంది! డాక్టరమ్మకి ఇది అర్థం కాదు. తీసేయమంది, తీసేశా. అంతకుముందే లోకం దాచుకుంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆమెకోసం వెతకని చోటు లేదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు వానలు చూడటం మానేసి ఆమెనే చూస్తున్నాయి, అందుకే ఈ వాన వస్తుందని ముందు ఎవరూ చెప్పలేదు. సముద్రం అడుగున ఉన్నా, కొండ గుహలో ఉన్నా పట్టుకుని తీసుకొస్తారు. డాక్టరమ్మ ఊరికే కంగారు పడుతోంది. ఆమె ఎక్కడున్నా..."

"రంగు పోలేదండీ."

ఆమె గొంతు పెద్దదేం కాదు. వాన చప్పుడులో ముందు అత్తకి మాత్రమే వినపడింది. అత్త గరిటె ఆపింది.

"ఏంటే?"

"ఆ కోటు. రంగు పోలేదు. నీలంగానే ఉంది."

"నువ్వు చూసినప్పుడు నీలమేనే. తర్వాత..."

"మన వంటింటి తలుపు వెనక మేకుకి ఉంది. పొద్దున దాని పక్క మేకుకున్న గొడుగు తీసుకునే మీరు వచ్చారు."

లక్షల బావ నవ్వాడు. అలవాటుగా వచ్చే నవ్వు, సగంలో ఆగింది. "మన తలుపు వెనకున్నది పరుపుల కంపెనీ కోటు. వాళ్ళు నాకిచ్చింది. దాని వీపు మీద ఇంతింత అక్షరాలుంటాయి..."

"లోపలివైపు బయటికి తిప్పి వేసుకున్నా."

కూలీలు పరీక్ష బల్ల దించి చూరు కింద పెట్టారు. నల్ల రెక్సీను పరిచిన పొడుగాటి బల్ల. దాని మీద వాన తుంపర పడుతోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా మీకు?" అంది ఆమె. వెక్కిరింత కాదు, మామూలుగానే అడిగింది. "బజారుకెళ్ళి ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికొచ్చా. సాయంత్రం మీరొచ్చి వీడియో చూపించారు. ఎలా ఉందన్నారు. బావుందన్నా. మళ్ళీ చూపించారు."

"నాకెందుకు చెప్పలేదే? మొదటిసారి వచ్చినప్పుడే... ఇంట్లో ఉన్నాగా నేను, ఒక్క మాట..."

"చెబితే?"

ఆమె తనే చెప్పింది.

"మా చెల్లెలికి కడుపు నిలవలేదని మీకొక్కరికే చెప్పా. మర్నాడు కూరలమ్మే ఆమె నన్ను పరామర్శించింది. అందుకే పేరు అడగని చోటు ఉందని తెలిస్తే ఇక్కడికి వచ్చా. ఆ మాట మీ పేజీలోనే చదివా. మీరు రాసిందే."

"చూశావా, నేను రాసింది..." అని మొదలుపెట్టి లక్షల బావ మళ్ళీ నోరు మూసుకున్నాడు.

"కోటిమంది కూడా ఏం చూడలేదులెండి. వీడియో కింద లెక్క ఉంటుందిగా. మీరు తీసేసేనాటికి యాభైమంది కూడా లేరు. అందులో సగం నేనే. గుర్తుపట్టేలా ఉన్నానా అని చూసుకున్నా. మీరు పక్కగదిలో ఉంటే చూసుకున్నా. మీరే గుర్తుపట్టలేదు, ఇంకెవరు పడతారని ధైర్యం వచ్చింది." ఆమె లేచింది. "బాతులా అని రాసింది ఈ అన్నయ్యగారే. మెట్లు తడిగా ఉన్నాయన్నయ్యా. అందుకే అలా పరిగెత్తా."

మందుల షాపాయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ఛార్జరుని భర్త పక్కన పెట్టింది, తీగ చక్కగా చుట్టి. గొడుగు అక్కడే వదిలేసి మెట్ల వైపు నడిచింది. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని, కుడిచేత్తో రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే.

"మరి ఇందాకే పైకి పోవచ్చుగా అమ్మా," అంది అత్త వెనకనుంచి. "ఇంతసేపు ఇక్కడ కూర్చున్నావేం?"

"ఆయన కథ అయితే లేచి వెళ్తారనుకున్నా అత్తా. అవ్వలేదు."

లిఫ్టు తాతే ముందు కదిలాడు. "ఒరేయ్, ఆ పరీక్ష బల్ల పైకి తీసుకెళ్ళండి," అన్నాడు కూలీలతో.

"ఇప్పుడే కదా దించాం?"

"ఇప్పుడే ఎక్కించండి."

కూలీలు విసుక్కున్నారు. ఒకడు బీడీ వెలిగించుకుంటున్నాడు. లక్షల బావ వెళ్ళి బల్లకి ఒక చివర పట్టుకున్నాడు. రెండోవాడు ఇంకో చివర ఎత్తాడు. బల్ల బరువు. మొదటి మలుపు దగ్గర ఆయన మోచెయ్యి గోడకి గీరుకుంది. మామూలుగా అయితే ఆ గీతకి ఒక కథ ఉండేది. రెండో అంతస్తు దాటాక మలుపు దగ్గర ఆయన కాళ్ళు ఆగాయి. "నడవండి సార్, చేతులు జారుతున్నాయి," అన్నాడు కూలీ.

మూడో అంతస్తు తలుపు తీసే ఉంది. లోపల కంప్యూటరమ్మ కట్టేసిన అట్టపెట్టెని కత్తితో విప్పుతోంది. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురుగా ఆయన భార్య, అరచేతిలో నంబరు బిళ్ళ. అన్నాళ్ళూ అది ఇంట్లోనే ఎక్కడో ఉంది.

"దాచుకున్నారే," అంది డాక్టరమ్మ.

"పారేయబుద్ధి కాలేదు."

"నొప్పి పెరిగిందా?"

"ఎడమచేయి పైకెత్తితే లాగుతోంది."

డాక్టరమ్మ ముఖం మారలేదు. ఆలస్యమైందనీ అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. "లోపలికి రండి," అంది.

బల్ల లోపల దింపి, లక్షల బావ గుమ్మం దాకా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా వాన, చెమట. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఉండటం ఆయనకెవరూ నేర్పలేదు.

"డాక్టరమ్మా, ఈవిడ మా..."

"నేను అడగలేదు," అంది డాక్టరమ్మ. తలుపు వేసింది.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి లిఫ్టు తాత రొప్పుకుంటూ ఎక్కి వచ్చి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. చేతిలో ఆమె వదిలేసిన గొడుగు ఉంది. కింద కరెంటు వచ్చినట్టుంది, అత్త ఎవరితోనో ఛార్జరు పెట్టమని అంటోంది. తలుపు వెనక కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

"ఏదో ఒకటి చెప్పవోయ్," అన్నాడు తాత చాలాసేపటికి. "పొద్దు పోవాలిగా."

లక్షల బావ మెట్టు అంచుని వేలితో తడుముతున్నాడు. కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది అంచు, పదునుగా, ఎక్కడా అరగలేదు.